ప్లానులో లేని ఎత్తు

"ప్లానులో గోడ ఐదడుగులే ఉంది. మీరు ఎనిమిది కట్టేశారు," అంది ఝాన్సీ టేపు చుట్టేస్తూ.

అసిరమ్మ కొత్త ఇటుకల మీద చెయ్యి వేసి నిలబడింది.

రామతీర్థం వెళ్లే దారిలో, కొత్తగా మునిసిపాలిటీలో కలిసిన వీధి అది. ఝాన్సీ ఈ మధ్యే ఆ వార్డుకి ప్లానింగ్ సెక్రటరీగా వచ్చింది. వచ్చిన దగ్గర్నుంచీ అన్నీ పక్కింటి గోడల మీద ఫిర్యాదులే. ఇదీ అలాంటిదే అనుకుంది.

అసిరమ్మ మొదట హద్దు గోడ మీద కర్రలు పాతి పాత చీరలు కట్టిందట. గాలికి చిరిగిపోయాయి. తర్వాత రేకులు నిలబెట్టింది. ఆ చప్పుడుకి పసిపిల్ల ఉలిక్కిపడుతోందని పక్కింటి ధర్మేంద్ర పెద్దలతో చెప్పించి తీయించాడు. ఈ ఏడు వేరుశనగ అమ్మి ఆమె ఇటుకలు దింపించింది.

ధర్మేంద్ర గేటు తీసుకుని వచ్చాడు. ఇస్త్రీ చొక్కా. చేతిలో రెండు కొబ్బరి బొండాలు.

"ఎండలో నిలబడిపోయారు మేడం, తీసుకోండి. ఇదిగో అత్తా, నీక్కూడా."

అసిరమ్మ మొహం తిప్పుకుంది. అతను నొచ్చుకోలేదు. బొండాం అరుగు మీద పెట్టాడు.

"అత్త మీద నాకేటీ కోపం లేదు మేడం. పెద్దావిడ, ఒంటరిది. కానీ మా గది కిటికీ ఇటే. గాలాడక చంటిదాంతో మా ఆవిడ అవస్థ పడతన్నాది. రూలు ఎలాగుంటే అలాగే చెయ్యండి."

ఆ మర్యాద ఝాన్సీకి నచ్చింది. అతను వెళ్లాక అసిరమ్మ వైపు తిరిగింది.

"మీ ఇబ్బందేంటో చెప్పండి. ఇంట్లోకి తొంగి చూస్తున్నాడా?"

"నేదు."

"చెత్త పారేస్తున్నాడా?"

"నేదు."

"మరి?"

"కనబడతాడు," అంది అసిరమ్మ.

ఝాన్సీకి నవ్వొచ్చింది. "మనిషి కనబడ్డం ఏ రూలు ప్రకారమూ తప్పు కాదమ్మా. సరైన కారణం చెబితే పైకి రాసి చూస్తాను."

"సెప్పవలసినోళ్లందరికీ సెప్పీసాను తల్లీ. ఇంక సెప్పడానికి నాకు నోరు నేదు. నాను బతికున్నన్నాళ్లు ఆ గోడుంచండి. పోయాక కూల్చీసుకోండి."

"అలా కుదరదు."

నోటీసు ఇచ్చారు. అసిరమ్మ ఒక్క ఇటుక కూడా తియ్యలేదు. గడువు దాటాక మునిసిపాలిటీ మనుషులు గునపాలతో దిగారు.

ఆమె అడ్డం పడుతుందని, మట్టెత్తి పోస్తుందని ఝాన్సీ భయపడింది. అలాంటిదేమీ జరగలేదు. అసిరమ్మ అరుగు మీద కూర్చుని కళ్లు మూసుకుంది. వీధిలో వాళ్లంతా గుమ్మాల్లో నిలబడి చూశారు. ఏ ఒక్కరూ నోరు విప్పలేదు.

చప్పుడు ఆగాక ఆమె కళ్లు తెరిచింది. గోడ ఐదడుగులకి దిగింది. అవతల ధర్మేంద్ర తల, భుజం మీద నిద్రపోతున్న పసిపిల్ల. వెనక అతని భార్య బట్టలు ఆరేస్తోంది.

"టీ తాగావా అత్తా?" అన్నాడు నవ్వుతూ.

అసిరమ్మ లేచి లోపలికి నడిచింది. ఝాన్సీకి ఒళ్లు మండింది. వెనకే గుమ్మం దాకా వెళ్లింది.

"అంత పంతం పనికిరాదమ్మా. ఫిర్యాదు చేసినా అతను మాట తూలలేదు. వరస కలిపి నోరారా అత్తా అని పిలుస్తున్నాడు. ఒక్క మాట పలికితే మీ సొమ్మేం పోయింది?"

అసిరమ్మ గడప పట్టుకుని ఆగింది.

"ఆడు వరస కలపక్కర్నేదు తల్లీ, నా కూతురు దేవిని నూతిలోకి తోసీసి, సాచ్చికం సాలదని కోర్టు ఒదిలీస్తే ఇంటికొచ్చీసిన నా సొంత అల్లుడే ఆడు."