ఆ మాట అన్నదెవరు?

పాత ఇంగ్లీషు నాటకాల్లో బంగారంలాంటి మాటలన్నీ తీసుకెళ్ళి వెర్రివాళ్ళ నోట్లో ఎందుకు పెడతారన్నది బావకి ఏళ్ళ తరబడి తీరని సందేహం. మహారాజు పేజీలకు పేజీలు మాట్లాడతాడు, ఒక్క ముక్కా గుర్తుండదు. పక్కనున్న పనివాడు ఒక్క మాటంటాడు, అది తరాల తరబడి నిలిచిపోతుంది. దేవుడి లెక్క కూడా ఇలాగే ఉంటుందేమోనని పూజ దగ్గర కూర్చున్నప్పుడు ఆయనకి అప్పుడప్పుడూ అనిపిస్తుంది. అడిగితే మాత్రం దేవుడు చెబుతాడా?

బావకి మందుల షాపు ఉంది. భార్య బళ్ళో ఇంగ్లీషు టీచరు. ఈ నాటకాల పిచ్చి ఆవిడ అంటించిందే. అన్నం వడ్డిస్తూ ఓ మాట వదిలి, “ఎవరన్నారో చెప్పండి చూద్దాం” అంటుంది. చెబితేనే మారు కూర. పెళ్ళయిన కొత్తలో సగం పస్తే. ఇప్పుడు మాత్రం ఏ మాట విన్నా అది దొంగదో దొరదో ఇట్టే పట్టేస్తాడు.

అలాంటి మనిషి ఇవాళ హాలు నిండా జనం చూస్తుండగా ఇరుక్కుపోయాడు.

‘వాన గొడుగుని అడిగి కురవదు.’

ఊరందరికీ తెలిసిన మాటే. కాలెండర్ల మీదా కాఫీ కప్పుల మీదా కూడా అచ్చేశారు. కానీ ఎవరిది? రాజుదా, విదూషకుడిదా? అది ఇప్పుడు, ఈ క్షణంలో తేలాలి.

“రాజుదే బావా,” అన్నాడు బావమరిది పెదవి కదపకుండా.

“కాదురా. విదూషకుడిది.”

“నీకెప్పుడూ విదూషకుడి మీదే గురి.”

“ఇన్నేళ్ళూ నిన్ను చూస్తున్నాగా, అలవాటైపోయింది.”

బావమరిది బస్సు కండక్టరు. అతని గుసగుస మామూలు మనుషుల కేకతో సమానం. ముందు వరసలో ఎవరో కిసుక్కుమన్నారు.

తప్పంతా టీచరుగారి పద్ధతిది. నెల్లాళ్ళు ఇద్దర్నీ ఎదురెదురుగా కూర్చోబెట్టి ఆ మాటున్న నాటకం చదివించింది. ఇవాళ ఈయన రాజైతే రేపు వాడు రాజు. “అలా అయితేనే మాట మనసుకి పడుతుంది” అంది. మాటలు బాగానే పట్టాయి. ఏది ఎవరిదన్నదే పట్టలేదు.

ఇప్పుడు పోయేది ఆవిడ పరువే. ఈ సాయంత్రం ఏర్పాట్లన్నీ ఆవిడ భుజానేసుకుని చేసినవే. “ఇంట్లోవాళ్ళని నమ్ముకుంటే నవ్వులపాలవుతావమ్మా” అని క్లబ్బు సెక్రటరీ ముందే అన్నాడు. “నా మనుషుల సంగతి నాకు తెలుసండీ” అని గట్టిగా చెప్పి వచ్చింది. వీళ్ళు కాస్తా నీళ్ళు నమిలితే ఇక ఈ హాలు గుమ్మం ఎక్కనివ్వడు. ఆ సెక్రటరీ ఎదురుగానే ఉన్నాడు, ‘నేను చెప్పలేదూ?’ అన్నట్టు పక్కవాడి వైపు వంగుతూ.

ఆవిడ ఓ పక్కగా, ఒళ్ళో పుస్తకం తెరుచుకుని కూర్చుంది. జవాబు ఆవిడ వేలి కిందే ఉంది. కానీ వీళ్ళ మీద అరిచి అరిచి పొద్దుటికి గొంతు కాస్తా పోయింది. చేతుల్తో ఏదో సైగ చేస్తోంది. బావకి అదంతా మసక. ఇవాళ కళ్ళజోడు బాగుండదని తీయించింది ఆవిడే మరి. బావమరిదికి చూపు బాగానే ఉంది గానీ ఆవిడ వైపు వీపు. బావకి ఎత్తు కుర్చీ వేసి, బావమరిదికి ఆయన కాళ్ళ దగ్గర ముక్కాలిపీట వేశారు. అల్లుడి మర్యాద ఇక్కడా తప్పలేదు.

“ఒరేయ్, నోరు విప్పరా.”

“నీ బదులు ఒకసారి విప్పింది చాల్లే బావా. ఆ బాకీయే తీర్చలేదు నువ్వింకా.”

అది పాత బాకీ. పిల్లనిమ్మని అడగడానికి మొదటిసారి ఆ ఇంటికి వెళ్ళినప్పుడు, “మా అమ్మాయే ఎందుకయ్యా?” అన్నాడు ఆవిడ తండ్రి. బావ నాలుక పిడచగట్టుకుపోయింది. అప్పుడు తలుపు పక్కనుంచి ఈ బావమరిదే, “అక్క పేరెత్తితేనే మనిషి ఇలా అయిపోయాడు. ఇంకేం చెప్పాలి నాన్నా?” అన్నాడు. పెద్దాయన పకపకా నవ్వేశాడు. సంబంధం ఖాయమైపోయింది. అప్పట్నుంచీ ఎప్పుడు కలిసినా “నువ్వు నాకో మాట బాకీ” అని దెప్పుతూనే ఉంటాడు.

హాల్లో దగ్గులు మొదలయ్యాయి. సెక్రటరీ గడియారం చూసుకున్నాడు.

బావ మనసులోనే దేవుడికో దణ్ణం పెట్టుకుని, బావమరిది వంక చూశాడు. దగ్గరి మొహం కనక కళ్ళజోడు లేకపోయినా ఆనింది. చెంపల మీద చెమట ధారలు. రోజంతా బస్సు అదిరేలా కేకలేసే మనిషి, పీట అంచు రెండు చేతులా పట్టుకుని కూర్చున్నాడు.

అప్పుడర్థమైంది బావకి. వీడికి తెలుసు. ఆ మాట ఎవరిదో మొదట్నుంచీ తెలుసు. తనతో వాదించడానికి లేచిన నోరు, ఇంతమంది ముందు పెగలడం లేదు, అంతే.

బావ నిటారుగా కూర్చున్నాడు. గొంతు సవరించుకున్నాడు.

“వాన గొడుగుని అడిగి కురవదు!” అన్నాడు, చివరి వరస దాకా వినబడేలా.

చప్పట్లు మొదలయ్యాయి. సెక్రటరీ కూడా కొట్టాడు. ఆవిడ పుస్తకాన్ని గుండెలకి హత్తుకుంది.

తల మీది గంటల టోపీ తీసి, పీట మీంచి లేచి సింహాసనం పక్కకి వంగి, నాటకంలో ఎక్కడా లేని మాట ఒకటి విదూషకుడు, తన మాట తన బదులు అనేసిన రాజుగారి చెవిలో వేశాడు: “బాకీ చెల్లు బావా.”