చుక్క ఎక్కడ పెట్టాలి

చీటీలన్నీ విప్పాక మరిది తలెత్తలేదు.

"చదువు," అంది వదిన.

"చదవడానికేముంది వదినా? అన్నీ కింది వరసకే."



బయటివాళ్లకు ఇదంతా నవ్వులాటే. కంప్యూటర్ ప్రోగ్రాంలో ఒక పని వెనక మరో పనిని చుక్కతో కలిపి గొలుసులా రాస్తారు. గొలుసు పొడుగైతే విరిచి కింది వరసలోకి దించాలి. అప్పుడా చుక్క పై వరస చివర ఉండాలా, కింది వరస మొదట ఉండాలా?

పై వరస చివరే అని వదిన భర్త ఈ ఆఫీసు పెట్టిన కొత్తలోనే తేల్చేశాడు. "చుక్క చూడగానే కింద ఇంకా ఉందని తెలిసిపోవాలి," అనేవాడు. ఆయన పోయాక కూడా ఆ పద్ధతి మీద ఎవరూ చెయ్యి వెయ్యలేదు.

వేసింది మేనకోడలే. "అత్తా, ఆఖరి వరస తీసేస్తే పైన చుక్క వేలాడుతూ మిగిలిపోతోంది. ప్రోగ్రాం ఆగిపోతోంది. రోజూ ఇదే గొడవ."

మాటా మాటా పెరిగింది. చివరికి వదినే అంది, "చీటీలు వేద్దాం. పేర్లు రాయొద్దు."

ఇప్పుడు ఆమె ఒక్కో చీటీ తిరగేసి చూసింది.

"పాతదానికి ఒక్కటంటే ఒక్కటి లేదా? మీ అన్నయ్య పక్కన కూర్చోబెట్టుకుని నేర్పాడే నీకు! నువ్వు కూడానా?"

ఆమె టెస్టింగ్ చూసే పెద్దాయన వైపు తిరిగింది.

"మీరు? ఆయన మిమ్మల్ని సొంత మనిషిలా చూసుకున్నాడు."

"పని సులువవుతుందని... అంతేనమ్మా," గొణిగాడాయన.

"మీలో ఒక్కరైనా ఆయన వైపు ఉంటారనుకున్నాను. అందరూ కలిసి ఆయన్ని బయటికి గెంటేశారు."

మేనకోడలు ఏడుపు ఆపుకోలేకపోయింది. "పోనీలే అత్తా, పాతదే ఉంచేద్దాం."

"అక్కర్లేదు. మార్చేయండి."

విసురుగా తన గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. భర్త కూర్చునే కుర్చీ దాకా వెళ్లి, కూర్చోలేక, దాని వీపు పట్టుకుని వెక్కి వెక్కి ఏడ్చింది.

ఎవరో ఒకరు ఆయన వైపు నిలబడతారులే అన్న ధైర్యంతో, తన చీటీలో ఆమె కూడా 'కింది వరస' అనే రాసింది.