కాపీ కొట్టలేని పుస్తకం

తన డిజైన్లు కొట్టేస్తున్న దొంగ ఇంట్లోనే ఉన్నాడని ఫర్నిచర్ షాపు యజమాని ఒకటే గోల. ఆ దొంగ తన బావమరిదేనని అంతకంటే పెద్ద గోల.

గోల పెట్టడూ మరి! ఏటా ఈయన కొత్త బ్రోచర్ ప్రెస్సుకి వెళ్లేసరికే ఎదురు షాపువాడు తన వెబ్‌సైట్‌లో అవే మంచాలు, అవే సోఫాలు పెట్టి కూర్చుంటాడు. ఈయనేమో గది తలుపులు బిగించుకుని, కట్టుకున్న పెళ్లాన్ని కూడా లోపలికి రానివ్వకుండా, నడుం పడిపోయేలా డిజైన్లు గీస్తాడాయె. అంతటి కళాకారుడికి కడుపు మండదా?

"ఇక ప్రెస్సూ వద్దు, కాగితమూ వద్దు," అన్నాడు బావమరిదిని పిలిచి. "మన వెబ్‌సైట్‌లోనే పుస్తకంలా పేజీలు తిరిగే బ్రోచర్ పెడదాం. దానికి సాఫ్ట్‌వేర్ నువ్వే చూడు. అందులోంచి ఒక్క బొమ్మ కూడా ఎవడూ కాపీ తీయకూడదు. నువ్వు కూడా. ఈసారి డిజైన్లు బయటికి పోయాయా, వాటి వెనకే నువ్వూ పోతావు. మీ అక్క ఏడ్చినా వినను."

బావమరిది సరేనన్నాడు. ఆ షాపులో అతను దొంగిలించిందల్లా మధ్యాహ్నం పూట ఓ కునుకు మాత్రమే. అయినా ఉద్యోగం పోతుందన్న భయంకన్నా, దొంగ అనిపించుకుని అక్క ముందు తలెత్తుకు తిరగలేనన్న దిగులే అతన్ని ఎక్కువ తినేసింది.

మొదటి సాఫ్ట్‌వేర్ తెచ్చి, పాత బీరువాల బొమ్మలతో పుస్తకం చేసి చూపించాడు. పేజీ తిరుగుతుంటే కాగితం చప్పుడు కూడా వచ్చింది. బావగారు ముచ్చటపడి, వేలు తడి చేసుకుని మరీ స్క్రీన్ మీద పేజీ తిప్పబోయారు. తర్వాత మౌస్ అందుకుని ఒక్క నొక్కు నొక్కారు. బీరువా బొమ్మ ఊడి చేతిలో పడింది.

"ఇది పుస్తకం కాదురా, ధర్మసత్రం. తీసెయ్."

రెండోదాంట్లో ఆ పప్పులుడకలేదు. బావగారు ఏవో రెండు మీటలు కలిపి నొక్కేసరికి పేజీకి పేజీయే ఫోటోలా వచ్చేసింది.

"ఇవన్నీ మీకెలా తెలుసు బావగారూ?" బావమరిది నోరెళ్లబెట్టాడు.

"ఏళ్ల తరబడి పోగొట్టుకుంటున్నవాణ్ణి. నాకు కాక ఇంకెవరికి తెలుస్తాయి?"

పాపం, కష్టాలు మనిషిని ఎంత పండితుణ్ణి చేస్తాయో.

మూడోది మాత్రం మొండి ఘటం. మౌస్ నొక్కితే ఉలకదు. మీటలు నొక్కితే నల్లటి బొమ్మ తప్ప ఇంకేం రాదు. ఫోన్‌తో ఫోటో తీస్తే పేజీ నిండా గీతలే. బావగారు దీపాలు ఆర్పి తీశారు, కుర్చీ ఎక్కి తీశారు, నేలమీద బోర్లా పడుకుని కూడా తీశారు. చివరికి చొక్కా తడిసిపోయి, చేతులెత్తేసి, పకపకా నవ్వారు.

"ఇదేరా నాక్కావలసింది. ఎదురు షాపువాడే కాదు, వాడి తాత దిగొచ్చినా ఇందులోంచి మంచం కోడు కూడా ఎత్తుకుపోలేడు." బావమరిది భుజం తట్టారు. "నిన్ను అనుమానించాను. మనసులో పెట్టుకోకు."

బావమరిదికి కళ్లనీళ్లు తిరిగాయి. పోయిందనుకున్న పరువు తిరిగొచ్చిన ఆనందంలో, తన ఎంపిక ఎంత గొప్పదో ఇంకాస్త చెప్పాలనిపించింది.

"ఎదురు షాపువాళ్లే దీన్ని మనకంటే ముందు కొనుక్కున్నారట బావగారూ. ఈ ఏడాది వాళ్ల కొత్త బ్రోచర్ కూడా ఇందులోనేనట. సాఫ్ట్‌వేర్ అమ్మినాయన చెప్పాడు."

బావగారి నవ్వు సగంలో ఆగిపోయింది. మెల్లగా కుర్చీలో కూలబడి, తలుపు వేసి రమ్మని సైగ చేశారు. బావమరిది వేసి వచ్చాక, గొంతు బాగా తగ్గించి అడిగారు.

"మరి ఈ ఏడాది నేను దేన్లోంచి కాపీ తీసి గీయాలిరా?"