మూడోసారి మౌఖిక పరీక్ష

“వేరియబుల్ అంటే ఏమిటో చెప్పారు, సరే. ఫంక్షన్ లోపల పెట్టిన పేరు బయట ఎందుకు చెల్లదు?” లాస్త్రి అడిగింది.

సుగెంగ్ నుదుటి చెమట తుడుచుకున్నాడు. ఎదురుగా కూర్చుని పరీక్షిస్తున్న ఆమెకంటే ఆయన ఇరవై ఏళ్లు పెద్ద.

“అది ముద్దుపేరు లాంటిది బు,” అన్నాడు, వాళ్ల వాడుకలో ఆమెను ‘మేడమ్’ అంటూ. “చిన్నప్పుడు మా ఇంట్లో నన్ను ‘గెండుత్’ అనేవాళ్లు, బొద్దుగా ఉన్నానని. గుమ్మం దాటాక అలా పిలిస్తే నేను పలుకుతానా?”

లాస్త్రికి నవ్వొచ్చింది. ఇండోనేషియాలోని సలాతిగాలో మూడు రోజులుగా ఒకటే వాన. ప్రోగ్రామింగ్ భాషల మూల సూత్రాల మీద పొద్దుటి నుంచి ఇరవైమందిని అడిగీ అడిగీ ఆమె గొంతు బొంగురుపోయింది. తనను చివర్లో పిలవమని ఆయనే కోరాడు.

“బాగుంది పాక్,” అంది, ‘సార్’ అన్నట్టుగా. “ఫంక్షన్ పని ముగిశాక కూడా ఆ పేరు బతికుండే సందర్భం ఒకటుంది. బొమ్మ గీసి చెప్పండి.”

ఆయన పెన్సిల్ అందుకున్నాడు. ఒక గడి గీశాడు, పక్కన ఇంకోటి. మధ్యలో బాణం ఎటు పెట్టాలో తోచలేదు. చెరిపాడు. మళ్లీ గీశాడు. కాగితం చిరిగింది.

“పొద్దున మా ఆవిడ మూర్నీ అడిగితే గడగడా చెప్పాను.”

“తొందరేం లేదు.”

“పక్షవాతం వచ్చి, ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చాక ఏడు నెలలుగా ఇదే పని బు. మా ఆవిడ పుస్తకం పట్టుకుని అడగడం, నేను తడుముకోవడం. ‘కోళ్లు పెంచుకోరాదూ, అవి ప్రశ్నలు వెయ్యవు’ అంటోంది.”

ఇద్దరూ నవ్వారు. టీ చల్లారిపోయింది. బాణం మాత్రం పడలేదు.

“వచ్చే నెల ఇంకొక్కసారి...” అనబోయింది లాస్త్రి.

“వద్దు. మూడుసార్లు అనుకున్నాం, మూడూ అయ్యాయి. ఎన్నొచ్చాయి?”

“నూటికి ముప్ఫై ఎనిమిది. పాసవడానికి చాలవు.”

“జాలి మార్కులెన్ని?”

ఆమె తల దించుకుంది. “నాలుగు.”

“తీసెయ్యండి. పిల్లలకు కలపనివి నాకెందుకు?”

ఆమె కొట్టేసి ముప్ఫై నాలుగు వేసింది. ఆయన ఆ కాగితం కింద సంతకం చేశాడు. గొడుగు తీసుకుని వెళ్లిపోయాడు.

 లాస్త్రి వచ్చే సెమిస్టర్ టైంటేబుల్ ముందుకు లాక్కుంది.

ప్రోగ్రామింగ్ పాఠం ఇన్నేళ్లూ చెప్పిన ప్రొఫెసర్ సుగెంగ్ పేరు కొట్టేసి, తన పేరు రాసింది.