దరువొక్కటే

“ఈ సీడీ పాడైందమ్మా. పద్దెనిమిది పాటలూ ఒకటే!” పార్థసారథి విసుగ్గా హెడ్‌ఫోన్స్ తీసేశాడు.

ఇంకో గంటలో సాఫ్ట్‌వేర్ ఉద్యోగానికి ఫోన్ ఇంటర్వ్యూ. ఇంతకుముందు నాలుగు ఇంటర్వ్యూలూ లైన్ బాగోలేకే పోయాయంటాడు. ఇదీ పోతే నెలాఖరుకి వర్క్ పాస్ రద్దవుతుంది, సింగపూర్ వదిలి వెళ్ళాలి. అందుకే కొత్త హెడ్‌ఫోన్స్ కొని, కూతురు అనన్య సీడీ పెట్టి పరీక్షిస్తున్నాడు.

అనన్య నవ్వింది. “పాడవ్వలేదు డాడీ! జమైకా డాన్స్‌హాల్ పాటల ఆల్బమ్స్ కొన్ని ఇంతే. బీట్ ఒకటే, సింగర్స్ వేరు.”

“సింగర్సా? దరువు తప్ప ఏమీ లేదు కదమ్మా ఇందులో!”

ఆమె నవ్వు ఆగిపోయింది. సీడీ అట్ట నోటికి అడ్డం పెట్టుకుని అడిగింది. “డాడీ, నా మాట వినిపిస్తోందా?”

పార్థసారథి ముందుకు వంగి అట్ట పక్కనుంచి ఆమె నోటివైపు చూడబోయాడు.

“ఆ అట్ట తియ్యి తల్లీ... నీ మాట కనపడట్లేదు.”