తొట్టి దగ్గర గాలి

పెద్దాయన క్యారేజీ తెచ్చి మేనేజరు బల్ల మీద పెట్టాడు. మూత తీశాడు.

కూరేమో అనుకుని మేనేజరు వంగి చూశాడు. వంగినవాడు వంగినట్టే వెనక్కి గెంతాడు. కళ్ళమ్మట బొటబొటా నీళ్ళు.

"ఏంటండీ ఇది!"

"మీ వంటే బాబూ. కింద తొట్టిలో గుడ్డ ముంచి తెచ్చా. రుచి చూడు."

అది కుళాయిలు తయారుచేసే ఫ్యాక్టరీ. మరలు కోసిన ముక్కలకి నూనె జిడ్డు పడుతుంది. వాటిని జల్లెడ బుట్టలో వేసి ఒక మందు తొట్టిలో ముంచుతారు. మూడు నిమిషాల్లో తళతళలాడుతూ బయటికొస్తాయి. అక్కడందరూ దాన్ని జిడ్డు మందు అంటారు. డ్రమ్ము మీద అసలు పేరు బారెడుంది గానీ, అది పలకడానికి నోరు తిరిగేవాడెవడూ ఆ దరిదాపుల్లో పనిచెయ్యడు.

తొట్టి దగ్గర పనిచేసేది పెద్దాయన కోడలు. ఇప్పుడు గుమ్మంలో గోడ పట్టుకుని నిలబడి ఉంది.

మేనేజరు మూత పెట్టబోయాడు. పెద్దాయన క్యారేజీ మీద చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఉండనీ. తలుపులేసున్నాయి, ఏసీ తిరుగుతోంది, హాయిగా ఉంది. పదే పది నిమిషాలు పీల్చు. మా పిల్ల నాలుగేళ్ళుగా రోజుకి ఎనిమిది గంటలు పీలుస్తోంది."

"మావయ్యా, పదండి పోదాం. ఉన్న ఉద్యోగం ఊడుతుంది."

"కాళ్ళే ఊడేలా ఉంటే ఉద్యోగం ఎందుకమ్మా? ఏదీ, ఆ ఎడం కాలు చూపించు ఈ బాబుకి."

ఆమె కిందికి చూసుకుంది. అప్పుడే ముగ్గురూ చూశారు. కుడి కాలికి చెప్పుంది. ఎడం కాలికి లేదు. మెట్ల మీద ఎక్కడో జారిపోయింది. ఆమెకి తెలియనే లేదు.

"చూశావా? ఆర్నెల్ల కిందట చీమలు పాకుతున్నట్టుందంది. ఇప్పుడు చీమలూ లేవు, కాలూ లేదు. ఇంకో ఏడాది అక్కడే ఉంటే గోడ పట్టుకున్నా నడవలేదన్నాడు డాక్టరు!"

"వేరే పనిలోకి మారుస్తానండీ."

"మార్చి? ఇంకో పిల్లని తెచ్చి నిలబెడతావు. ఆ పిల్లకి మాత్రం ఇంట్లో మనుషులుండరా?"

మేనేజరు మొహం మాడిపోయింది. చెడ్డవాడేం కాదు. కుర్చీలో కూలబడ్డాడు.

"నేనొచ్చి రెండేళ్ళే అయింది పెద్దాయనా. నన్ను తిట్టి ఏం లాభం? వేడినీళ్ళూ సబ్బూ పోసి కడిగే మిషను ఇప్పించండని రెండుసార్లు పైకి రాశా. మూడు నిమిషాల పనికి పన్నెండు నిమిషాలు పడితే పట్టనీండి అని కూడా రాశా. రాసినప్పుడల్లా అదిగో, ఆ కాగితం జిరాక్సు నా మొహాన కొడతారు."

గోడ వైపు చెయ్యి చూపించాడు. బంగారు రంగు ఫ్రేములో ఒక కాగితం. తొమ్మిదేళ్ళ కిందటి ప్రభుత్వ పరీక్ష. తొట్టి దగ్గర గాలి కొలిచి చూశాం, మనుషులకి ఏ హానీ లేదు అని రాసుంది. కింద ముద్ర. సంతకం.

"అది ఉన్నంతకాలం తొట్టి కదలదండీ. అది తప్పని ఇచ్చినాయనే ఒప్పుకోవాలి. ఆయనెప్పుడో రిటైరైపోయాడు. ఎక్కడున్నాడో ఏమో."

"ఆ కాగితం చూసుకునే కదా ఈ పిల్లని ఇక్కడ పడేశాను!" పెద్దాయన ఫ్రేము వైపు నుంచి మొహం తిప్పుకున్నాడు. "ఆ తొట్టి పని మంచిది కాదంట మావయ్యా అంటే, పరీక్ష చేసిన చోటమ్మా, ఏం కాదు అని తోలింది నేనే!"

పెద్దాయనకి మళ్ళీ కోపం తన్నుకొచ్చింది.

"కొలిచాడంట! ఏం కొలిచాడు? కింద నేలంతా నూనె. దొరగారి కాళ్ళకి కొత్త బూట్లు. మెట్లు దిగితేగా! గాలి పట్టే గొట్టం తెచ్చి ఇదిగో, ఈ కిటికీ చువ్వకి వేలాడదీశాడు. ఇక్కడే కూర్చుని రెండు కాఫీలు తాగాడు. కిటికీ గాలి కొలిచి తొట్టి గాలి అని రాసిపారేశాడు. దున్నపోతు వెధవ!"

"కిందవాళ్ళు కూడా అలాగే చెప్పుకుంటారు లెండి." మేనేజరు కళ్ళు తుడుచుకున్నాడు. "పుకార్లతో పని జరగదు కదా. పోనీ, ఆయనే దొరికాడనుకోండి. ఏం చేస్తారు?"

"జల్లెడ బుట్టలో కూచోబెట్టి మూడు నిమిషాలు ముంచుతా. పట్టిన జిడ్డంతా వదిలిపోద్ది."

కోడలికి నవ్వొచ్చింది. ఆ వెంటే ఏడుపొచ్చింది.

అది చూసి పెద్దాయన ఆగలేకపోయాడు. ఒక్క అంగలో గోడ దగ్గరికెళ్ళి ఫ్రేము పీకాడు. బల్ల అంచుకేసి కొట్టాడు. అద్దం భళ్ళుమంది.

"అయ్యయ్యో! అది కంపెనీదండీ!"

"పెన్నివ్వు."

గాజుముక్కలు దులిపి కాగితం బల్ల మీద పరిచాడు. మిగిలిన జాగాలో గట్టిగా ఒత్తి రాశాడు.

'ఈ కొలత తొట్టి దగ్గర తీసింది కాదు. పై గదిలో కిటికీ దగ్గర తీసింది. ఈ కాగితం చెల్లదు.'

మేనేజరు తల పట్టుకున్నాడు.

"మీరు రాస్తే చెల్లకుండా పోతుందా పెద్దాయనా? హెడ్డాఫీసువాళ్ళు పడీపడీ నవ్వుతారు."

పెద్దాయన పెన్ను మళ్ళీ కాగితానికి ఆనించాడు. తల ఎత్తి కోడలి వైపు చూడలేదు. సంతకం చేసి, కాగితాన్ని మేనేజరు వైపు తిప్పాడు.

తొమ్మిదేళ్ళ నాటి సంతకానికి సరిగ్గా కింద, ఒక్క వంకర కూడా తేడా లేకుండా, మళ్ళీ అదే సంతకం.