నలభై మూడో నియమం

"ఈ నీలం కాస్త ముదిరిందయ్యా."

కాలేజీ గేటు బోర్డు ముందు నిలబడి ఎవరో ముసలాయన వాచ్‌మన్‌తో అంటున్న మాట, తెనాలి రైలు దిగి వస్తున్న కిరణ్ కుమార్ చెవిన పడింది.

ఆ నీలం ఎంచింది కిరణే.

బాపట్లలోని ఆ కాలేజీలో అతను డ్రాయింగు లెక్చరరు. స్టాంపుల్లో చెరిగిపోయి, ఒక్కో బస్సు మీద ఒక్కో తీరుగా ఉన్న కాలేజీ దీపం ముద్రని ఆరు నెలలు కూర్చుని తీర్చి గీశాడు. ముద్ర ఎక్కడ వేయాలి, చుట్టూ ఎంత ఖాళీ వదలాలి, ఏ రంగు, ఏ అక్షరం, అన్నిటికీ నలభై రెండు నియమాలు రాసి పుస్తకం చేశాడు. మొదటి పేజీలో 'ముద్ర గీసినది: కిరణ్ కుమార్' అని వేసుకున్నాడు. శుక్రవారం వార్షికోత్సవంలో ఆవిష్కరణ. ఆ ఒక్క వరుస అచ్చులో చూసుకుంటే చాలు, జన్మ ధన్యమే అనుకుంటున్నాడు.

"ఎవరండీ మీరు?"

"యేసుదాసంటారు బాబూ. మాది రేపల్లె. బోర్డులు రాసేవాణ్ణి."

ఓహో, అదా సంగతి అనుకున్నాడు కిరణ్. ఫ్లెక్సీలొచ్చాక కుంచె పట్టినవాళ్ళకి పని లేదు. పని వెతుక్కుంటూ వచ్చినట్టున్నాడు పాపం.

ఆ పాపం పది నిమిషాలే నిలిచింది. ప్రిన్సిపాల్ గదిలోకి వెళ్ళేసరికి ముసలాయన దర్జాగా కూర్చుని టీ తాగుతున్నాడు.

"కిరణ్ గారూ, మీ పుస్తకం ఈయనకి ఒకసారి చూపించండి," అన్నారు ప్రిన్సిపాల్ ప్రసన్నలక్ష్మి.

"ఈయనకా? ఎందుకండీ?"

"చూపించండి. తర్వాత చెప్తాను."

యేసుదాసు పేజీ పేజీ ఓపిగ్గా తిప్పాడు. ముద్ర మీద బొటనవేలు ఆనించి కొలుచుకున్నాడు.

"దీపం మంట నిటారుగా నిలబెట్టారే. పాతదాంట్లో కాస్త ఒరిగి ఉండేది."

"అది తప్పండి. నేను దిద్దాను."

"మన సూర్యలంక సముద్రపు గాలికి ఏ దీపం నిటారుగా నిలబడుద్ది బాబూ!"

ప్రసన్నలక్ష్మి పగలబడి నవ్వారు. ఆరు నెలల్లో కిరణ్ పని చూసి ఆవిడ 'ఊఁ' అన్నారే గానీ, ఇలా ఒక్కసారీ నవ్విన పాపాన పోలేదు.

మర్నాడూ వచ్చాడు ముసలాయన. పిల్లలు చుట్టూ మూగారు. సుద్దముక్క తీసుకుని, చెయ్యి ఎత్తకుండా ఒక్క ఊపున సాయి సుధ అనే అమ్మాయి పేరు రాశాడు.

"తాతయ్యా, నాది!" "తాతయ్యా, నాది కూడా!"

కిరణ్ క్లాసులో వెనక బెంచీలు వెతుక్కునే పిల్లలే వాళ్ళంతా.

ఏకులా వచ్చి మేకై కూర్చున్నాడు అని పళ్ళు కొరికాడు కిరణ్. మనిషికి ఆ రకం కడుపుమంట మొదలైతే కుండెడు మజ్జిగ తాగినా చల్లారదు. ఇంకో రెండ్రోజులు ఊరుకుంటే మొదటి పేజీలో తన పేరు పక్కన ఈయన పేరు కూడా వేయమంటారు ప్రిన్సిపాల్ గారు.

ఆ సాయంత్రమే పుస్తకంలో నలభై మూడో నియమం చేర్చాడు. 'కాలేజీ ఆవరణలో చేతిరాత బోర్డులు, గోడరాతలు ఉండకూడదు. ఉన్నవి వెంటనే చెరిపేయాలి.'

ఉన్నదల్లా ఒక్కటే. లైబ్రరీ గోడ మీద కాలేజీ పేరూ, పాత ముద్రా. దానికి రెండు పూతలు సున్నం కొట్టించాడు.

గురువారం యేసుదాసు వచ్చేసరికి గోడ ఇంకా తడిగానే ఉంది. ఆయన చాలాసేపు దాని ముందు నిలబడ్డాడు.

"చెరిపేశారేంటి బాబూ?"

"నియమమండి. అన్నీ ఒకే తీరుగా ఉండాలి."

"అంతేలెండి." గోడ మీంచి చూపు తిప్పి అడిగాడు, "మేడం గారున్నారా?"

"లేరు, గుంటూరెళ్ళారు. పుస్తకం కూడా అచ్చుకెళ్ళిపోయింది. ఇంక మీరు రానక్కర్లేదు."

మేడం లోపలే ఉన్నారు.

యేసుదాసు సంచిలోంచి కవరు తీశాడు. "అయితే ఇది ఆవిడకి ఇచ్చెయ్యండి బాబూ. రేపు సభకి రమ్మన్నారు గానీ, నేను రాలేనని చెప్పండి."

తన పేరు కూడా వేయమని అర్జీ పెట్టుకుని ఉంటాడు అనుకుని, కిరణ్ కవరుని సొరుగులో పడేశాడు.

శుక్రవారం తెనాలి ప్రెస్సు నుంచి పుస్తకాలొచ్చాయి. కిరణ్ తన పేరు నాలుగుసార్లు చూసుకున్నాడు.

"యేసుదాసు గారు రాలేదేంటి?" అన్నారు ప్రసన్నలక్ష్మి హడావుడిగా వచ్చి. "ముద్ర రిజిస్టరు చేయించాలంటే ఆయన కాగితం కావాలన్నారు లాయరు గారు. నిన్నంతా నా గదిలోనే ఎదురుచూశాను."

కిరణ్ సొరుగు దగ్గరికి పరుగెత్తాడు. కవరు తెచ్చిచ్చాడు.

ఆవిడ కవరు చించి కాగితం చదివారు.

"ఆయన్ని వెతికి పట్టుకోడానికి మాకు రెండు నెలలు పట్టింది. మీ పుస్తకం చూశాకే రాసిస్తానన్నారు. తనెవరో ముందే తెలిస్తే మీరు మొహమాటపడతారని, మీకు చెప్పొద్దన్నారు," అని కాగితం కిరణ్ చేతిలో పెట్టారు.

అక్షరాలు ముత్యాల్లా ఉన్నాయి.

'నలభై ఏళ్ళ కిందట లైబ్రరీ గోడ మీద ఈ ముద్రని మొట్టమొదట గీసింది నేనే. దీని మీద హక్కులన్నీ కాలేజీకి ఇస్తున్నాను.'

కిరణ్ తలెత్తి కిటికీలోంచి చూశాడు. సున్నం బాగా ఆరిపోయింది. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది.

కింద ఇంకా రెండు వరుసలున్నాయి.

'చర్చికీ, గుడికీ, బడికీ రాసినప్పుడు పేరు పెట్టుకోవడం మా బోర్డులు రాసేవాళ్ళ ఆనవాయితీ కాదు. కాబట్టి ముద్ర గీసినది కిరణ్ కుమార్ గారని పుస్తకంలో ఉన్నది ఉన్నట్టే ఉంచండి.'